ఏడాదంతా దొరికే జీళ్ళు కొనాలా, తీర్థం దాకా ఆగాలా?

అంబాజీపేట అబ్బాయి
అందరికీ నమస్తే అండి. చిన్న విషయమే, నవ్వకండి. నాకు జీళ్ళంటే పిచ్చి. మామూలుగా నేను స్వీట్ల మనిషిని కాదు, పెళ్ళిలో లడ్డూ వేస్తే సగం తిని ఆకులోనే వదిలేస్తా, కానీ నువ్వులద్దిన బెల్లం జీళ్ళ పొట్లం చేతికొస్తే అది అయ్యేదాకా ఇంకో పని చెయ్యను. మాది కోనసీమ. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం (తీర్థమంటే మా వైపు జాతర, ప్రభలంటే దేవుణ్ణి పెట్టి మోసుకొచ్చే ఎత్తైన అలంకరించిన వెదురు చట్రాలు), తర్వాత భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, మాకు జీళ్ళంటే ఆ రెండే. మిగతా ఏడాదంతా దాని ఊసే ఉండేది కాదు. ఇప్పుడు కూకట్‌పల్లిలో ఉంటున్నాం. మొన్న ఫోన్లో ఇంకేదో వెతుకుతుంటే జీళ్ళు అరకిలో, కిలో ప్యాకెట్లు ఇంటికే పంపిస్తాం అని కనపడింది. వెంటనే కిలో కార్ట్‌లో వేసేశా. మా ఆవిడ చూసి "కొనుక్కోండి, కానీ ఇక సంక్రాంతికి జీళ్ళు కొనిపెట్టమని మీ అమ్మగారి వెంట పడొద్దు" అంది. సరదాకే అంది లెండి, కానీ అప్పట్నుంచి చెయ్యి ఆర్డర్ బటన్ మీదికి పోవట్లేదు. ఎప్పుడు పడితే అప్పుడు దొరికితే ఆ ఇష్టం ఉంటుందా? మీరైతే ఏం చేస్తారు?

సోమరిపోతు
కొనెయ్ గురూ. దీనికి కూడా చర్చా!

నిజామాబాద్ పిల్ల
నాకైతే మీ బాధ మస్తు అర్థమైంది. మా దిక్కు హోలీకి చక్కెర పేర్లు అమ్ముతరు, తెల్లగ, గులాబీ రంగుల, బిళ్ళలు బిళ్ళలుగ దారానికి గుచ్చి ఉంటయి కద, పిల్లల మెడల ఏస్తరు. రుచి అంటరా, వట్టి చక్కెర, అంతే. ఇంట్ల చక్కెర డబ్బా తీసి తింటే అదే రుచి. కానీ మెడల ఏసుకొని ఆడుకుంట ఒక్కొక్క బిళ్ళ కొరుకుతుంటె, చెమటకి మెడంత జిగటజిగట అయితది, రంగు నీళ్ళు పడి సగం కరిగిపోతది, ఆ కరిగింది గూడ తినేటోళ్ళం. ఇప్పుడు ఆగస్టుల ఎవరన్న తెచ్చిస్తే తింటనా? తినను. పక్కన పెడ్త. అందుకే నా ఓటు ఆగుడుకే.

చిత్తూరోడు
జీళ్ళ సంగతి నాకు తెలీదు గానీ మా ఊరి చాక్లెట్ సంగతి చెప్తా. న్యూట్రిన్ మా చిత్తూరుదేనని ఎంతమందికి తెలుసు? 1952లో మొదలైన కంపెనీ. మహాలాక్టో తిననోళ్ళు ఈ ఫోరంలో ఉండరనుకుంటా. 2006లో గోద్రెజ్ వాళ్ళు కొనేసినారు, అది వేరే కథ. మాకు బడిలో పుట్టినరోజు అంటే కొత్త డ్రెస్, చేతిలో చాక్లెట్ల డబ్బా, అందరికీ ఒకటి, మేడంకి రెండు, మనకి దగ్గర స్నేహితుడైతే ఎవరూ చూడకుండా ఇంకోటి. అప్పుడు దాన్ని దవడలో పెట్టుకుని ఒక పీరియడ్ మొత్తం లాగించేవాళ్ళం, కొరికితే అయిపోతుందని భయం. ఇప్పుడు నా టేబుల్ సొరుగులో ప్యాకెట్ ఉంది. నోట్లో వేసుకుంటా, రెండు కొరుకుల్లో అయిపోతుంది, ఇంకోటి విప్పుతా. రుచి మారలేదు, నేను తినే తీరు మారిపోయింది. అదన్నా చూసుకోవాల్సింది.

బెజవాడ బ్యాచిలర్
చిత్తూరన్నా ఒక్క విషయం మర్చిపోయారు, చిల్లర! రూపాయి చిల్లర లేదని కిరాణా కొట్టోడు చేతిలో పెట్టే చాక్లెట్. అమ్మ సరుకులకి పంపిస్తే నేను కావాలనే లెక్క సరిపోకుండా చూసుకునేవాణ్ణి. ఫోన్ పేమెంట్లు వచ్చాక ఆ చాక్లెట్ పోయింది. పద్నాలుగు రూపాయలంటే పద్నాలుగు రూపాయలే కొడతాం, చాక్లెట్ ఎక్కణ్ణుంచి వస్తుంది. మా అన్న కొడుక్కి ఈ సంగతి చెప్తే డబ్బులకి బదులు చాక్లెట్ ఎందుకు ఇస్తారు బాబాయ్, మీరెందుకు ఊరుకున్నారు అని నన్నే దబాయించాడు.

సోమరిపోతు
వాడు అడిగింది కరెక్టే కదా 😀

పళ్ళ డాక్టర్
నేను దంత వైద్యురాలిని కాబట్టి నా మాట చేదుగానే ఉంటుంది, తిట్టుకోకండి. మొదటి పోస్ట్‌లో ఆయన చెప్పిన "పొట్లం అయ్యేదాకా ఇంకో పని చెయ్యను" అన్నది నిజానికి పళ్ళకి అంత చెడ్డ పద్ధతేమీ కాదు, చిత్తూరు ఆయన సొరుగు పద్ధతే ప్రమాదం. ఎందుకంటే తీపి నోట్లో పడగానే అక్కడున్న సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి, పంటి మీద పీహెచ్ (ఆమ్లం ఎంత ఉందో చెప్పే కొలత, అంకె తగ్గితే ఆమ్లం ఎక్కువని) సుమారు 5.5 కంటే కిందకి పడితే ఎనామిల్ (పంటి పైనున్న గట్టి పొర) నుంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంట అటూ ఇటూ పడుతుంది. ఒకేసారి నాలుగు తింటే ఒకసారి పడి ఒకసారి లేస్తుంది. అవే నాలుగు గంటకొకటి చొప్పున తింటే రోజంతా ఆమ్లంలోనే ఉంటుంది. మొత్తం ఎంత తిన్నామన్నదీ ముఖ్యమే, కానీ పంటి లెక్కలో ఎన్నిసార్లు తిన్నామన్నది దానికంటే ముఖ్యం.

ఇక జీళ్ళ గురించి. అవి సాగేవి, అతుక్కునేవి, పంటి గాడుల్లో కూర్చుని చాలాసేపు కదలవు. భోజనం చెయ్యగానే తినండి, అప్పటికే లాలాజలం బాగా ఊరుతూ ఉంటుంది, ఆ తర్వాత నీళ్ళతో గట్టిగా పుక్కిలించండి. మధ్యాహ్నం నాలుగింటికి ఖాళీ కడుపుతో, రాత్రి పడుకునే ముందు, ఈ రెండు వేళలూ వద్దు. పంటికి క్యాప్ ఉన్నవాళ్ళు జీళ్ళ జోలికే పోకండి.

గుంటూరు కారం
డాక్టరమ్మా ఆ క్యాప్ మాట ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండు. పోయిన శివరాత్రికి కోటప్పకొండ తిరణాల్లో ఒక్క జీడి నోట్లో వేసుకున్నా, రెండోసారి నమిలేసరికి జీడితో పాటు నా వెనక దవడ క్యాప్ కూడా ఊడి వచ్చేసింది. మింగలేదు అదే సంతోషం. చేతిలో పెట్టుకుని చూస్తే జీడి మధ్యలో దిగబడి మెరుస్తా ఉంది, మా ఆవిడేమో బంగారం దొరికిందా అని అడిగింది. అది పెట్టిన క్లినిక్‌కి పోతే "మీరేం తిన్నారు" అని పోలీసు ఎంక్వైరీ చేశారు, మళ్ళీ డబ్బులు కట్టించుకున్నారు.

పళ్ళ డాక్టర్
ఊడిన క్యాప్ జాగ్రత్తగా తెచ్చారు కదా, చాలామంది దాన్ని అక్కడే పారేసి వస్తారు. కొన్నిసార్లు శుభ్రం చేసి అదే మళ్ళీ అతికించొచ్చు.

సత్తెనపల్లి సుజాత
కానీ ఇది బెల్లం కదండీ? పంచదార చాక్లెట్లూ బెల్లం జీళ్ళూ ఒకటే అంటే ఎలా. మా అమ్మమ్మ రోజూ అన్నం తర్వాత బెల్లం ముక్క తినేది, తొంభై దాటింది. పైగా నువ్వుల్లో కాల్షియం ఉంటుంది, ఐరన్ ఉంటుంది. పిల్లలకి ఆ కంపెనీ చాక్లెట్లు మాన్పించి ఇవి పెట్టడం మంచిదే కదా.

పళ్ళ డాక్టర్
సుజాత గారూ, బెల్లంలో కూడా ఎక్కువ భాగం సుక్రోజే, పంచదారలో ఉన్నదే. కొంచెం ఖనిజాలు ఉంటాయి, కాదనను, కానీ వాటి కోసం తినాలంటే ఎంత బెల్లం తినాలో ఆలోచించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి విడిగా కలిపే చక్కెరలు రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటొద్దని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలని చెప్తోంది. 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు, ఆరు చెంచాలు. అందులో కాఫీ, టీ, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, బెల్లం, తేనె, అన్నీ లెక్కే. నువ్వులు మంచివే, నువ్వుల పొడి చేసుకుని అన్నంలో తినండి. జీడిని జీడిగానే తినండి, మందుగా తినొద్దు, అంతే నేను చెప్పేది.

సత్తెనపల్లి సుజాత
సరే లెండి. మా అమ్మమ్మకి చివర్లో పళ్ళు లేవన్నది కూడా నిజమే, అది చెప్పలేదు నేను.

గొతెన్‌బర్గ్ గోపి
నేను స్వీడన్ నుంచి. అంబాజీపేట గారి ప్రశ్నకి ఇక్కడ దేశం మొత్తం ఒక జవాబు పెట్టుకుంది, అందుకే రాస్తున్నా. దీన్ని లోర్దాగ్స్‌గోదిస్ అంటారు, శనివారం మిఠాయి. వారమంతా పిల్లలకి మిఠాయి ఉండదు, శనివారం మాత్రం ఎవరి కవరు వాళ్ళు పట్టుకుని సూపర్ మార్కెట్‌కి పోతారు. ఒక గోడ నిండా ప్లాస్టిక్ డబ్బాలు, వాటిలో పుల్లవి, సాగేవి, చాక్లెట్‌వి, ఉప్పగా ఉండే నల్లటి అతిమధురం బిళ్ళలు (ఇది మనవాళ్ళెవరూ రెండోసారి నోట్లో పెట్టుకోరు), చిన్న పారతో కావాల్సినవి కవర్లో వేసుకుని తూకం వేయించుకోవడమే, ధర వంద గ్రాముల లెక్కన. మా అమ్మాయి వయసు ఏడేళ్ళు. శుక్రవారం రాత్రి నుంచే ఏ డబ్బాలోంచి ఎన్ని అని ప్లాన్. సోమవారం అడిగితే "ఇవాళ శనివారం కాదు కదా నాన్నా" అని అదే నాకు చెప్తుంది.

దీని వెనకున్న కథ మాత్రం అస్సలు తియ్యగా ఉండదు. 1940ల్లో లుండ్ ఊళ్ళో విపెహోల్మ్ అనే ఆసుపత్రి ఉండేది, మానసిక ఎదుగుదల లేనివాళ్ళని ఉంచేవాళ్ళు అక్కడ. పళ్ళు ఎందుకు పుచ్చుతాయో తేల్చడానికి వాళ్ళ మీదే ప్రయోగం చేశారు. పళ్ళకి బాగా అతుక్కునేలా ప్రత్యేకంగా టాఫీలు తయారుచేయించి, భోజనాల మధ్యలో రోజంతా తినిపించారు. పాపం వాళ్ళలో చాలామంది పళ్ళు పూర్తిగా పాడైపోయాయి. వాళ్ళకి వద్దనే వీలు కూడా లేదు. దాన్నించి తేలింది సరిగ్గా డాక్టర్ గారు పైన చెప్పిందే, మాటిమాటికీ తినడం, అతుక్కునేవి తినడం చెడ్డది అని. 1950ల చివర్లో ఇక్కడి వైద్య శాఖ కావాల్సినంత తినండి, కానీ వారానికి ఒక్కసారే అని ప్రచారం మొదలుపెట్టింది. అలా శనివారం మిఠాయి వచ్చింది. గోడ నిండా రంగురంగుల డబ్బాలు చూసినప్పుడు అప్పుడప్పుడు అది గుర్తొచ్చి ఎలాగో ఉంటుంది.

నిజామాబాద్ పిల్ల
అయ్యో. పానం ఎట్లనో అయింది చదువుతుంటె. గిది నాకు అస్సలు తెల్వదు.

పళ్ళ డాక్టర్
మాకు కాలేజీలో పాఠంగా చెప్తారు ఆ ప్రయోగం. ఫలితాలు పరీక్షలో రాయిస్తారు, అక్కడున్న మనుషుల గురించి మాత్రం ఒక్క లైనులో తేల్చేస్తారు. గోపీ గారు రాసినందుకు థాంక్స్.

బెజవాడ బ్యాచిలర్
టాపిక్ బరువెక్కింది. మళ్ళీ జీళ్ళ దగ్గరికి రండి. అసలు ఆ అతుక్కోవడం, సాగడం ఎలా వస్తుందండీ? మా ఫ్లాట్‌లో ముగ్గురం కలిసి ఒకసారి బెల్లం పాకం పట్టాం, అది రాయి అయిపోయింది, గిన్నెతో సహా పారేశాం.

తీర్థం కొట్టు
ఈ టాపిక్ నిన్నట్నుంచి చూస్తున్నానండి, రాద్దామా వద్దా అనుకుంటూ. మా మావయ్య వాళ్ళది జీళ్ళ పనే. తీర్థం ఎక్కడుంటే అక్కడ కొట్టు పెడతారు. సెలవులకి వెళ్ళినప్పుడు నేనూ లాగేవాణ్ణి, ఇప్పుడు వేరే ఉద్యోగం.

బెజవాడ గారికి ముందు చెప్తా. బెల్లం నీళ్ళలో కరిగించి వడగట్టాలండి, మట్టి ఇసుక పోవాలి. తర్వాత పాకం బాగా ముదరాలి. గిన్నెలో చన్నీళ్ళు పెట్టుకుని చుక్క వేసి చూస్తారు, ఉండలా వస్తే ఇంకా అవలేదని, తీసి పళ్ళెం మీద కొడితే టంగుమని మోగి టక్కున విరిగితే అప్పుడు దింపాలి. పంచదార జీళ్ళయితే నిమ్మరసం పిండుతారు, లేకపోతే గుల్లగా పలుకులు కట్టేస్తుంది. ఆ పాకాన్ని నూనె రాసిన బండ మీద పోస్తారు. ఇక్కణ్ణుంచే అసలు పని, మీరు ఇక్కడే వదిలేసుంటారు, అందుకే రాయి అయ్యింది. అంచులు ముందు ఆరతాయి, వాటిని మధ్యలోకి మడుస్తూ ఉండాలి, చేతికి ఓర్చుకునేంత వేడికి రాగానే ముద్ద తీసి గోడకి కొట్టిన మేకుకి తగిలించి లాగాలి. లాగడం, మళ్ళీ మేకు మీద వేసి మడవడం, మళ్ళీ లాగడం. నల్లగా ఉన్న ముద్ద లాగేకొద్దీ లోపలికి గాలి పోయి రంగు తిరుగుతుంది, ముందు ఎరుపు, తర్వాత తేనె రంగు, తర్వాత పట్టులాగా మెరుపు వస్తుంది. పంచదారదైతే తెల్లగా అయిపోతుంది. ఆ గాలి వల్లే నోట్లో వేసుకుంటే ముందు కరకరా విరిగి తర్వాత సాగుతుంది. ఆలస్యమైతే చేతిలోనే బిగిసిపోతుంది, తొందరపడితే అరచేతులు కాలతాయి. మావయ్య అరచేతుల్లో గీతలు కనపడవండి, అంత నున్నగా అయిపోయాయి. తర్వాత తాడులా సాగదీసి, వేయించిన నువ్వుల్లో దొర్లించి, కత్తెరతో టకటకా కత్తిరించేస్తారు.

ఇక మీ అసలు ప్రశ్న. ఎందుకు తీర్థాల్లోనే అంటే భక్తి కాదండి, గాలి. జీడికి తేమ పడదు. మన తీర్థాలు ఎక్కువ సంక్రాంతి నుంచి శివరాత్రి లోపల వస్తాయి, చలికాలం, పొడి గాలి. వానాకాలంలో చేస్తే సాయంత్రానికల్లా అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్ద అయిపోతాయి. బెల్లానివి మరీను. ఇప్పుడు గాలి చొరబడని ప్యాకెట్లు వచ్చాయి కాబట్టి పంపించగలుగుతున్నారు.

ఒక మాట అడుగుతా, ఏమనుకోకండి. ఏడాదికోసారి తింటేనే బాగుంటుంది అని మీరందరూ రాస్తున్నారు, చదవడానికి బాగుంది. మరి చేసేవాళ్ళు మిగతా నెలలు ఏం తినాలండి? మావయ్య జూన్ నుంచి సంక్రాంతి దాకా కూలికి వెళ్తాడు. ఆయన కొడుకు ఈ పని నేర్చుకోలేదు, ఎందుకు నేర్చుకుంటాడు చెప్పండి.

అంబాజీపేట అబ్బాయి
ఇది నాకు తట్టలేదండి, నిజంగా. నేను నా నాలుక వైపు నుంచే చూస్తున్నా. తీర్థం కొట్టు గారూ, మీ మావయ్యగారు ప్రభల తీర్థానికి వస్తారా?

తీర్థం కొట్టు
వస్తారండి. ఆ రోజు పదకొండు మంది రుద్రుల ప్రభలు కౌశిక నది దాటుకుని తోటలోకి వస్తాయి కదా, అటు జనం చూస్తూ ఉంటారు, మావయ్య మాత్రం ఎప్పుడూ చూడలేదు. ప్రభలు వచ్చే టైముకే బేరం ఎక్కువ.

రావులపాలెం రాజు
మా పక్కూరి పూతరేకుల సంగతి చూడండి. ఆత్రేయపురం పూతరేకు ఒకప్పుడు పెళ్ళికో పండక్కో చుట్టమొస్తేనో. ఇప్పుడు మా ఊరి హైవే మీద వరసగా కొట్లే, ఏడాదంతా, పంచదారది, బెల్లానిది, జీడిపప్పుది, షుగర్ లేనిది అని ఒకటి, చాక్లెట్ పూతరేకు కూడా చేస్తున్నారు, అది మాత్రం ఘోరం. 2023లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి వస్తువే అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. రుచి తగ్గిందా అంటే కొన్ని కొట్లలో తగ్గింది, నెయ్యి దగ్గర చెయ్యి బిగపడతారు. కానీ ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద రేకు తీసే ఆడవాళ్ళకి ఇప్పుడు ఏడాదంతా పని ఉంది. నేను ఈ రెండో వైపు. నాకు అపురూపం పోతే పోయింది.

చిత్తూరోడు
రాజు గారితో ఏకీభవిస్తా గానీ ఒక్క తేడా. పూతరేకు తెచ్చుకుంటే పది మందికి పెడతాం. చాక్లెట్లు, జీళ్ళు అలా కాదు, జేబులో పెట్టుకుని ఒక్కడే తినేవి. నా సొరుగు ప్యాకెట్ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు. (ఇక్కడ రాసేసినా, మా వాళ్ళెవరూ ఈ ఫోరంలో లేరులే.)

చిత్తూరోడి చెల్లెలు
ఉన్నానన్నా.

సోమరిపోతు
🤣🤣🤣 ఈ ఏడాదికి ఇదే బెస్ట్ పోస్ట్

వరంగల్ వెంకన్న
చిత్తూరన్న సొరుగు ముచ్చట నవ్వులాటే గానీ నాదొక సీరియస్ ముచ్చట. నాకు షుగరు ఉన్నది, ఇన్సులిన్ తీసుకుంట. నా జేబుల ఎప్పుడు గట్టి చాక్లెట్లు ఉంటయి. ఎవలన్న చూస్తె షుగరున్నోనివి చాక్లెట్లు తింటున్నవా అని క్లాసు పీకుతరు. అరె భాయ్, అవి తినుడుకు కావు, షుగర్ డౌన్ అయినప్పుడు పానం నిలబెట్టుకునుడుకు. చెమటలు పట్టి చేతులు వణుకుతుంటె 15 గ్రాముల చక్కెర నోట్ల పడాలె, పదిహేను నిమిషాలాగి మళ్ల చూస్కోవాలె, ఇంక తక్కువుంటె మళ్ల తీస్కోవాలె. గదే మా డాక్టర్ సారు రాసిచ్చిన లెక్క. చక్కెర నీళ్ళో గ్లూకోజో ఉంటె ఇంక జల్ది పనిచేస్తది. చాక్లెట్ బార్లు గిట్ల గప్పుడు తినొద్దు, అండ్ల కొవ్వు ఉంటది, చక్కెర రక్తంలకు లేటుగ పోతది.

ఇగ ఇష్టం సంగతంటరా, చిన్నప్పుడు నాకు నారింజ తొనలంటె పానం. గా సీసాల ఉండేటియి, పైన చక్కెర అద్ది. ఇప్పుడు షుగర్ డౌనయినప్పుడల్ల తీపి నోట్ల ఏసుకోవాల్సొస్తుంటె తీపంటెనే భయమైతుంది. నా జేబుల తొనలు మాత్రం పెట్టుకోను. గది మందు కావొద్దు నాకు. కొమురెల్లి మల్లన్న జాతరకు పోయిన్నాడు మాత్రం ఒక్క తొన, అన్నం తిన్నంక, లెక్క చూస్కొని.

పళ్ళ డాక్టర్
వెంకన్న గారు, చాలా బాగా చెప్పారు. ఇది చదివే వాళ్ళలో ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్ళు ఉంటే ఆ 15 గ్రాముల మాట గుర్తుపెట్టుకోండి, మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ వెయ్యకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

సత్తెనపల్లి సుజాత
నాకొక డౌట్. పిల్లలకి గోపీ గారి శనివారం పద్ధతి మన ఇళ్ళలో కుదురుతుందా? మా ఇంట్లో సోమవారం తాతయ్య తెస్తాడు, బుధవారం పక్కింటి ఆంటీ ఇస్తుంది, శుక్రవారం గుళ్ళో ప్రసాదం, శనివారం ఎవరిదో ఒకరిది బర్త్‌డే, రిటర్న్ గిఫ్ట్ కవరు నిండా అవే. నేను వద్దన్నానంటే రాక్షసిని అయిపోతా.

గొతెన్‌బర్గ్ గోపి
కుదరడం కష్టమే సుజాత గారూ. ఇక్కడ ఊరంతా అదే పాటిస్తారు కాబట్టి నడుస్తోంది. మేము సెలవులకి భీమవరం వచ్చినప్పుడు రెండో రోజుకే మా అమ్మాయి శనివారం కాస్తా వారమంతా అయిపోయింది. మా నాన్న "పిల్లకి తినే రోజు కూడా రూలేంట్రా" అని నన్నే తిట్టారు. ఒక్కటి మాత్రం పనిచేసింది, ఎవరు ఏమిచ్చినా తీసుకోవడం, థాంక్స్ చెప్పడం, డబ్బాలో వెయ్యడం, డబ్బా మూత శనివారం తియ్యడం. ప్రసాదానికి మినహాయింపు. తాతయ్యకి మినహాయింపు ఇవ్వలేదు, ఆయనే తీసుకున్నారు.

గుంటూరు కారం
తాతయ్యలని ఎవరూ ఆపలేరు, మా ఇంట్లో కూడా అంతే.

బెజవాడ బ్యాచిలర్
నాదొక వాదన. ఆగి తింటే రుచి, రోజూ తింటే పోతుంది అంటున్నారు కదా, మరి అసలు దొరక్కుండా పోయి మళ్ళీ వచ్చినవాటి సంగతి? పార్లే రోలా కోలా గుర్తుందా, గుండ్రటి నల్ల బిళ్ళలు, గొట్టం ప్యాకెట్. ఆపేశాక జనం సోషల్ మీడియాలో గోల చేస్తే 2019లో మళ్ళీ తెచ్చారు. నేను వెతికి వెతికి కొన్నా. మొదటి బిళ్ళ వేసుకోగానే ఆహా అనిపించింది, మూడో బిళ్ళకి ఇదేనా నేను ఇన్నేళ్ళు తలుచుకుంది అనిపించింది. మిగతాది రూమ్మేట్‌కి ఇచ్చేశా. అంచేత అంబాజీపేట గారూ, ఎక్కువ కాలం ఆగినా తేడా కొడుతుంది.

నిజామాబాద్ పిల్ల
మూడో బిళ్ళకు గట్ల అనిపించిందంటె రెండు తిని ఆపాలె కద 😄

అంబాజీపేట అబ్బాయి
అందరూ ఇంత రాస్తారనుకోలేదండి. ఇప్పటిదాకా తేలింది ఇది: కార్ట్‌లో ఉన్న కిలో ప్యాకెట్ తీసేశా. కొననని కాదు, అది ఎవరు చేసిందో, ఎప్పుడు చేసిందో, ఆ పేజీలో ఎక్కడా లేదు, బొమ్మ మాత్రం మెరిసిపోతోంది. తీర్థం కొట్టు గారికి విడిగా మెసేజ్ పెట్టాను, ఆయన మావయ్యగారు చలికాలంలో చేసి పంపగలిగితే నవంబర్, డిసెంబర్‌ల్లో పావుకిలో చొప్పున తీసుకుంటా. మా ఆఫీసులో గోదావరి జిల్లాల వాళ్ళం గట్టిగానే ఉన్నాం, అడిగితే వాళ్ళూ తీసుకుంటారు. సంక్రాంతికి ఎలాగూ అమ్మ వెంట పడతా, అందులో మార్పు లేదు, మా ఆవిడకి కూడా అదే చెప్పా.

తీర్థం కొట్టు
మెసేజ్ చూశానండి. మావయ్యకి ఫోన్ చేశాను. నవంబర్‌లో వానలు, తుఫాన్లు ఉంటాయి, డిసెంబర్ రెండో వారం నుంచి అయితే పర్లేదన్నాడు. పావుకిలో కోసం పొయ్యి వెలిగించలేను, కనీసం పది కిలోల లెక్క ఉంటే మొదలెడతా అన్నాడు. బెల్లం కూడా అప్పుడు కొత్తది వస్తుంది, అనకాపల్లి నుంచి తెప్పిస్తాడు. ప్యాకింగ్ ఎలా అన్నది మాత్రం మాకు తెలీదు, ఇప్పటిదాకా పేపరు పొట్లమే.

రావులపాలెం రాజు
ప్యాకింగ్ నాకు తెలుసు. పూతరేకుల కొట్ల వాళ్ళు వాడే అట్టపెట్టెలు వద్దు, వాటిలోకి గాలి పోతుంది. సీల్ వేసే మిషను చిన్నది దొరుకుతుంది, మందపాటి కవర్లు తీసుకోండి, లోపల తేమ పీల్చే చిన్న పొట్లం ఒకటి వెయ్యండి, తినే వస్తువులకి వాడేదే అడిగి తీసుకోండి. ఒక్కో జీడిని విడిగా కాగితంలో చుడితే అతుక్కోవు. ప్యాకెట్ మీద చేసిన తారీఖు రాయించండి, అమ్మాలంటే ఫుడ్ రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి, అది ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు, కావాలంటే మా ఊర్లో చేయించినాయన దగ్గర కనుక్కుని చెప్తా.

గుంటూరు కారం
నాకో అరకిలో. పంచదారవి. కుడి దవడతో తింటా.

పళ్ళ డాక్టర్
మీకు అమ్మొద్దని తీర్థం కొట్టు గారికి నా విన్నపం.

వరంగల్ వెంకన్న
నా పేరు గూడ రాస్కోండ్రి, మా ఇంటోళ్ళ కోసం. నేను ఒక్కటి చూస్త.

గొతెన్‌బర్గ్ గోపి
డిసెంబర్ ఆఖర్లో మా అమ్మానాన్న ఇక్కడికి వస్తున్నారు. వాళ్ళ పెట్టెలో ఒక కిలో పట్టిస్తా, భీమవరం దాకా చేరిస్తే చాలు. అమ్మ పాలకోవా కూడా తెస్తానంటోంది, పాల వస్తువులు ఇక్కడికి తేనివ్వరని ఎంత చెప్పినా వినట్లేదు. జీళ్ళలో పాలు ఏమీ పడవు కదా తీర్థం కొట్టు గారూ? చేతికి నెయ్యి గానీ రాస్తారా లాగేటప్పుడు?

తీర్థం కొట్టు
నెయ్యి కాదండి, నువ్వుల నూనె. పాలు అస్సలు పడవు. మీ కిలోతో కలిపి ఇప్పటికి ఆరున్నర అయ్యింది, ఇంకో మూడున్నర కావాలి.

చిత్తూరోడి చెల్లెలు
మాకు రెండు కిలోలు. అన్న పేరు మీద రాసుకోండి, పార్సిల్ మాత్రం మా ఇంటికి పంపండి.